ఒకే ఇరుసు, డెబ్బై రెండు బురుజులు



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో నేను ఒక మాట వెనక్కి తీసుకున్నాను. మన ఆదివారం తెలుగు తరగతికి ఒకే పుస్తకం ఉండాల, అందులో ఉండే భాషే నేర్పాల, ఇంటి మాటలు తరగతిలోకి రాకూడదు అని ఆరు నెలలు పట్టుబట్టింది నేనే. ఇప్పుడు నేనే వద్దన్నాను. "ఏమన్నా, ఇంతలో ఏమైంది? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని చాలామంది ఫోను చేసి అడిగినారు. ఫోనులో రెండు మాటల్లో చెప్పలేక "రాస్తాను" అన్నాను. ఇదుగో రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. మదురై ఎట్లా వస్తుంది, చైనా కూడా వస్తుంది. ఓపిక చేసుకుని చదవండి.

మొదట జరిగింది చెప్తాను.

మా మనవరాలికి పదకొండేళ్ళు. తరగతిలో అందరికన్నా ముందు గుణింతాలు నేర్చుకుంది. ఒక ఆదివారం "మీ ఇంటి గురించి ఐదు వాక్యాలు రాయండి" అని పిల్లలకు చెప్పినాను. ఆ పాప రాసింది: "మా పెద్దవ్వ ఆడ ఉండాది. పెద్దవ్వ నాకు కతలు చెప్తాది." నేను ఎర్ర పెన్ను తీసి 'ఆడ' కొట్టేసి 'అక్కడ' అని, 'ఉండాది' కొట్టేసి 'ఉంది' అని, 'కతలు' కొట్టేసి 'కథలు' అని, 'చెప్తాది' కొట్టేసి 'చెబుతుంది' అని రాసినాను. రెండు వాక్యాల్లో నాలుగు గీతలు. పదికి ఐదు మార్కులు.

పాప ఇంటికి పోయి నోటుపుస్తకం మా అమ్మకు చూపించింది. మా అమ్మకు ఎనభై ఆరేళ్ళు. తెలుగు అక్షరం రాదు, తమిళం చదువుతుంది. పాప ఏమీ దాచలేదు. "పెద్దవ్వా, నువ్వు మాట్లాడేది తప్పంట. తాత చెప్పినారు" అంది.

మా అమ్మ ఏమీ అనలేదు. నవ్వింది కూడా. కానీ ఆ రోజు నుంచి పాపతో తమిళంలోనే మాట్లాడడం మొదలుపెట్టింది. మాతో తెలుగే, పాప వస్తే తమిళం. నాకు ఈ సంగతి మూడు వారాల దాకా తెలియలేదు. మా కోడలు చెప్పింది. "మామా, అవ్వ పాపతో తెలుగు మాట్లాడడం లేదు, గమనించినారా?" అని.

నాలుగు వందల ఏళ్ళకు పైగా అక్షరం లేకుండా, బడి లేకుండా నోటి నుంచి నోటికి వచ్చిన భాష అది. మా ఇంట్లో దాన్ని ఆపింది ఏ ప్రభుత్వమూ కాదు. తెలుగును కాపాడాలని బయల్దేరిన నేను, ఒక ఎర్ర పెన్నుతో ఆపినాను.

ఆ వారమే పాపకు బడిలో ఒక చార్టు పని ఇచ్చినారు. చైనా మొదటి చక్రవర్తి, ఆయన మట్టి సైన్యం. చార్టు అంటే తాతలకే కదా పని. అట్ట కొనడం, బొమ్మలు కత్తిరించడం, జిగురు పూయడం. అంటిస్తా అంటిస్తా నేను కూడా చదివినాను. నచ్చి ఇంకా పుస్తకాలు తెచ్చుకుని చదివినాను. చదివేకొద్దీ ఎక్కడో నా గురించే రాసినట్టు అనిపించింది.

కథ ఇది. రెండు వేల రెండు వందల ఏళ్ళ ముందు చైనాలో ఏడు పెద్ద రాజ్యాలు కొట్టుకుంటూ ఉండినాయి. పడమటి వైపున్న చిన్ రాజ్యానికి జెంగ్ అనే పిల్లవాడు క్రీ.పూ. 246లో, పదమూడేళ్ళకు రాజైనాడు. క్రీ.పూ. 230 నుంచి 221 దాకా, పదేళ్ళ లోపల, మిగిలిన ఆరు రాజ్యాలనూ ఒకదాని తర్వాత ఒకటి మింగేసినాడు. రాజు అనే పేరు చాలదని కొత్త బిరుదు పెట్టుకున్నాడు: చిన్ షి హువాంగ్, అంటే చిన్ వంశపు మొదటి చక్రవర్తి. తర్వాత వచ్చేవాడు రెండో చక్రవర్తి, ఆ తర్వాత మూడో చక్రవర్తి, అట్లా పది వేల తరాలు నడవాలని ఆయన లెక్క.

గెలిచినాక కొలువులో ఒక వాదం నడిచింది. వాంగ్ వాన్ అనే మంత్రి, "దూరంగా ఉండే నాడులను ఇక్కడి నుంచి ఏలడం కష్టం, మీ కొడుకులను అక్కడ రాజులుగా పెట్టండి" అన్నాడు. లీ సి అనే ఇంకొక అధికారి ఒప్పుకోలేదు. "ముందున్న జౌ వంశం వాళ్ళు అట్లానే బంధువులకు పంచినారు. తరాలు గడిచేకొద్దీ బంధువులే పగవాళ్ళై కొట్టుకున్నారు. పంచొద్దు" అన్నాడు. చక్రవర్తి లీ సి మాటే విన్నాడు. దేశాన్ని 36 మండలాలుగా కోసి, ఒక్కొక్క దానికి జీతగాళ్ళైన అధికారులను పెట్టినాడు. వాళ్ళను ఎప్పుడైనా మార్చవచ్చు, వాళ్ళ కొడుకులకు ఆ పదవి రాదు.

తర్వాత మొదలైంది అసలు పని. తూకపు రాళ్ళు ఒకటే, కొలపాత్రలు ఒకటే. గుండ్రంగా ఉండి నడుమ చదరపు బెజ్జం ఉండే నాణెం ఒకటే. బండి వెడల్పు ఒకటే, ఆరు 'ఛి' అంట. వాళ్ళ ఛి మన లెక్కలో దాదాపు 23 సెంటీమీటర్లు. బండి ఇరుసు ఒకే కొలత అయితే ఏ బండైనా ఏ బాటలోనైనా పోతుంది, చక్రాలు గాడిలో కూర్చుంటాయి. ప్రజల దగ్గర ఉండే ఆయుధాలన్నీ రాజధానికి తెప్పించి, కరిగించి, పన్నెండు పెద్ద లోహపు బొమ్మలు పోత పోయించినాడు.

ఇది చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది, అబద్ధమెందుకు. నేను పీళమేడు పక్కన పట్టరైలో ముప్పై ఎనిమిదేళ్ళు లేతు మిషను మీద నిలబడినవాణ్ణి. మేము చేరిన కొత్తలో సగం మిషన్లు పాత ఇంగ్లీషు అంగుళాల మరవి, సగం మెట్రిక్ మరవి. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. కంటికి రెండూ ఒకటే. బోల్టుకు నట్టు రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టులో పట్టుకుంటుంది. బలంగా తిప్పితే మర పోతుంది. పల్లెలో పంపుసెట్టు ఆగిపోయి, పైరు ఎండుతా ఉంటే, సరైన నట్టు కోసం కోయంబత్తూరు దాకా బస్సెక్కి వచ్చిన రైతులను చూసినాను. ఒకే కొలత అంటే ఏమో, అది లేకపోతే ఎవరికి నష్టమో, చేతులతో తెలిసినవాణ్ణి. అందుకే భాషకు కూడా ఒకే కొలత పెట్టాలనిపించింది నాకు.

లీ సి కూడా అదే చేసినాడు. ఏడు రాజ్యాల్లో ఒకే మాటను ఏడు విధాలుగా రాసేవాళ్ళు. చిన్ రాజ్యపు రాతకు సరిపోనివన్నీ కొట్టేసి, ఒకే లిపి పెట్టినారు. దాని లాభం చిన్నది కాదు. ఈ రోజుకూ చైనాలో ఉత్తరాది వాడి మాట దక్షిణాది వాడికి చెవికి అర్థం కాదు, కానీ కాగితం మీద రాస్తే ఇద్దరూ చదువుకుంటారు.

మనకు అక్షరం లేక ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మన పెద్దవాళ్ళు తెలుగు ఉత్తరాలను తమిళ అక్షరాల్లో రాసుకున్నారు. తమిళంలో క, గ రెండిటికీ ఒకే అక్షరం. 'గుడి' అని రాసినా 'కుడి' అని రాసినా ఒకే రాత. 'గాలి', 'కాలి' ఒకే రాత. చదివేవాడు ఊహించుకోవాల. నేను బడిలో తమిళమే చదివినాను. తమిళం నాకు అన్నం పెట్టింది, ఆ భాష మీద నాకు ఏ కోపమూ లేదు. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక నేర్చుకున్నాను, తిరుపతి బస్సుల బోర్డులు చూసి. తమిళంలో ఊరి పేరు, పక్కనే తెలుగులో ఊరి పేరు. అట్లా ఒక్కొక్క అక్షరం పట్టుకున్నాను. 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు మా తల్లిభాష అని చెప్పినవాళ్ళు సుమారు 42 లక్షలు. అందులో తెలుగు చదవగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీ మీ ఇళ్ళు చూసుకుంటే తెలుస్తుంది.

2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం అందరికీ తప్పనిసరి అయింది. ఇంగ్లీషు ఎట్లాగూ ఉంది. తెలుగుకు మిగిలింది ఆదివారం పొద్దున రెండు గంటలు. రెండు గంటల్లో ఏమి నేర్పేది? అందుకే ఒక పుస్తకం, ఒక భాష అన్నాను. నా వాదంలో న్యాయం లేకపోలేదు.

కానీ చార్టులో తర్వాతి బొమ్మ పుస్తకాలు కాలేది. క్రీ.పూ. 213లో లీ సి చెప్పిన మాట మీద పాత రాజ్యాల చరిత్రలు, పాత పాటలు, జ్ఞానుల మాటలు అన్నీ తెచ్చి కాల్చమన్నారు. వైద్యం, జోస్యం, వ్యవసాయం పుస్తకాలు మాత్రం వదిలినారు. పాతదాన్ని చూపించి కొత్తదాన్ని విమర్శిస్తే తలపోతుంది. ఒకే కొలత పెట్టడం వేరు, ముందున్న కొలత అసలు లేదని చెప్పడం వేరు. మొదటి పని చేసిన చేతులే రెండో పనీ చేసినాయి.

పది వేల తరాలు అనుకున్నది ఎన్నేళ్ళు నడిచింది? చక్రవర్తి క్రీ.పూ. 210లో పోయినాడు. మరుసటి ఏడే తిరుగుబాటు. సిమా చియెన్ అనే చరిత్రకారుడు రాసిన కథ: కావలికి తీసుకుపోతున్న తొమ్మిది వందల మంది బడుగువాళ్ళు వానలకు దారిలో చిక్కుకున్నారు. సమయానికి చేరకపోతే మరణశిక్ష. పోయినా చావే, తిరగబడినా చావే, తిరగబడదాం అన్నారు. క్రీ.పూ. 206కంతా చిన్ వంశం అయిపోయింది. మొత్తం పదిహేనేళ్ళు. అయితే వాళ్ళు పెట్టిన మండలాలను, లిపిని, కొలతలను తర్వాత వచ్చిన హాన్ వంశం పారేయలేదు. అవి పెట్టుకుని, కొంత కాలం దూరపు నాడులను బంధువులకు కూడా ఇచ్చి, గట్టితనం తగ్గించి నాలుగు వందల ఏళ్ళు ఏలింది.

చార్టు అయిపోయిన వారం మదురైలో మా చిన్నాయన మనవడి పెళ్ళి. పాపను తీసుకుపోయినాను. పెళ్ళయినాక మీనాక్షమ్మ గుడికి పోయినాము. వేయి కాళ్ళ మండపం వాకిట్లో గుర్రం మీద కూర్చున్న ఒక శిల్పం ఉంది, మీరంతా చూసే ఉంటారు. ఎవరు తాతా అని అడిగింది. అరియనాథ ముదలియారు అన్నాను. ఆయన కథ చెప్పడం మొదలుపెట్టేసరికి నాకే తట్టింది, ఇది లీ సి, వాంగ్ వాన్ వాదమే కదా అని.

1529 ప్రాంతంలో విజయనగరం తరఫున విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చినప్పుడు ఈ నాడు ఒక చేతిలో లేదు. పాత పాండ్యుల బంధువులు తిరునెల్వేలి వైపు, మరవ నాయకులు పడమటి కొండల కింద, ముందే వచ్చి నల్లరేగడిలో దిగిన మన తెలుగువాళ్ళు తూర్పున, ఎవరి పుట్ట వాళ్ళది. విశ్వనాథుడు తెలుగువాడు. ఆయన దళవాయి, ప్రధాని అయిన అరియనాథుడు తొండమండలం తమిళుడు. ఇద్దరూ కలిసి తీర్చిన ఏర్పాటే పాళయాలు. నాడును 72 పాళయాలుగా పంచినారు. కొన్ని కొత్తగా వచ్చినవాళ్ళకు, కొన్ని ముందు నుంచి ఉన్న మరవ నాయకులకు. ఒక్కొక్క పాళయగాడు తన నాడులో కావలి చూడాల, తగవులు తీర్చాల, పన్ను వసూలు చేయాల. వసూలులో మూడో వంతు మదురైకి, మూడో వంతు సైన్యానికి, మూడో వంతు తనకు. మదురై కోటకు 72 బురుజులు, ఒక్కొక్క పాళయానికి ఒక్కొక్క బురుజు కాపలా.

అంటే వాంగ్ వాన్ చెప్పిన దారి. పంచినారు. కానీ పంచినవాణ్ణి వదిలేయలేదు. నీ నాడు నీది, ఈ కోటలో నీ బురుజూ నీదే అని కట్టినారు. ఏ పాళయంలో ఏ భాష మాట్లాడాల, ఏ దేవుణ్ణి మొక్కాల అని చెప్పలేదు. కొలువులో తెలుగు కావ్యాలు పుట్టినాయి, గుడి తమిళ గుడిగానే ఉండింది.

తిరుమల నాయకుడి కాలంలో చేసినదని చెప్పే పని ఇంకొకటి ఉంది. మీనాక్షి కల్యాణం ఒక నెలలో, అళగరు తిరునాళ్ళు ఇంకొక నెలలో జరిగేవంట. రెండిటినీ చిత్తిరై నెలకు తెచ్చినాడు. శైవుల పండగ, వైష్ణవుల పండగ ఒకటయినాయి. కానీ చూడండి, కలిపేయలేదు. అళగరు చెల్లెలి పెళ్ళికి బయల్దేరి వస్తాడు, వైగైలో దిగుతాడు, పెళ్ళి అయిపోయిందని తెలిసి వండియూరు వైపు తిరుగుతాడు. ఇద్దరు దేవుళ్ళూ ఒకరి గుళ్ళోకి ఒకరు పోరు. ఊరు మాత్రం ఒకటే, జనం ఒకటే. లక్షల మంది ఆ ఆలస్యాన్నే పండగ చేసుకుంటారు.

ఇది చెప్పి, మనవాళ్ళు గొప్ప, చైనావాళ్ళు తక్కువ అనడం నా ఉద్దేశం కాదు. లీ సి భయపడిందీ ఇక్కడ జరిగింది. పాళయగాళ్ళు ఒకరి మీద ఒకరు పోయినారు. పై చేయి తగ్గినప్పుడు మూడో వంతు కట్టడం మానేసినారు. కావలి కూలి అని పల్లెవాళ్ళ దగ్గర పిండినవాళ్ళూ ఉన్నారు. 1736లో రాణి మీనాక్షితో నాయకుల పాలన ముగిసింది. కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు 72 బురుజులు ఒక్కటిగా నిలబడలేదు. 1799 అక్టోబరు 16న కట్టబొమ్మును కయత్తారులో ఉరి తీసినప్పుడు, పక్కనే ఉండే ఎట్టయపురం పాళయం కంపెనీ వైపు ఉండింది. రెండు ఇళ్ళలోనూ మాట్లాడింది తెలుగే. ఒకే భాష అయితే ఒకటైపోతామని అనుకోవడం ఎంత తప్పో అక్కడే తెలుస్తుంది. తర్వాత కంపెనీవాళ్ళు ఆయుధాలు లాక్కున్నారు, పాళయాల కోటలు పడగొట్టినారు, 1803లో మిగిలినవాళ్ళను జమీందార్లు చేసినారు. మదురై కోట గోడలను 1840ల్లో బ్లాక్‌బర్న్ అనే కలెక్టరు పడగొట్టించినాడు. గోడలుండిన చోట ఇప్పుడు వెలి వీధులు. ఆ పని చూసిన సర్వేయరు పేరు మారెట్ వీధికి, మేస్త్రి పేరు పెరుమాళ్ మేస్త్రి వీధికి మిగిలింది. పాపకు బురుజు చూపించలేకపోయినాను, మేస్త్రి వీధి చూపించినాను.

అయినా రెండు వందల ఏళ్ళు నిలిచింది ఆ ఏర్పాటు. మన కోయంబత్తూరులో ఎటు పోయినా పాళయమే కదా. పాప్పనాయక్కన్‌పాళయం, గౌండంపాళయం, మేట్టుపాళయం. ఇవన్నీ ఆ 72లోవి కావు. దండు దిగిన చోటు, జనం దిగిన చోటు పాళయం. కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళంవారు, పద్మశాలీలు, అరుంధతీయులు, ఎవరెప్పుడు వచ్చినా వాళ్ళ వాళ్ళ తెలుగుతో దిగినారు. ఒకరి తెలుగు ఒకరిది కాదు. మన సంఘంలోనే చూడండి, నలుగురు కూర్చుంటే నాలుగు విధాలుగా 'వచ్చినాడు' అంటారు.

ఇటువంటి ఇంట్లో నుంచి వచ్చినవాడే ఇడైసెవల్ కి. రాజనారాయణన్. 'గోపల్ల గ్రామం' రాసినాయన. మనవాళ్ళు ఇక్కడికి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టిన కథ. 'గోపల్లపురత్తు మక్కళ్' అనే దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మన వలస కథను ఇంత బాగా ఎవరూ రాయలేదు. ఆయన రాసింది తమిళంలో. కానీ కరిసల్ నేల మాట ఎట్లా ఉంటుందో అట్లానే రాసినాడు, బడి తమిళంలో కాదు. ఆ నేల మాటలకు ఒక నిఘంటువే చేసినాడు. పండితులు ఎర్ర పెన్ను ఎత్తి ఉంటే ఆ పుస్తకాలు మనకు ఉండేవి కావు.

మదురై నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. చార్టు కోసం చదివినదాంట్లో ఒక కథ గుర్తొచ్చింది. పుస్తకాలు కాల్చమన్నప్పుడు ఫు షెంగ్ అనే పండితుడు ఒక పాత గ్రంథాన్ని ఇంటి గోడలో పెట్టి పూడ్చినాడంట. చిన్ వంశం పోయి, యుద్ధాలన్నీ ఆగినాక తవ్వితే సగానికి పైగా పోయింది, 29 అధ్యాయాలు మిగిలినాయి. హాన్ చక్రవర్తి మనిషిని పంపేసరికి ఆయనకు తొంభై దాటింది. ఆయన మాట వచ్చినవాడికి అర్థం కాలేదని, పక్కన కూర్చున్న కూతురు విని చెప్పిందని, అట్లా రాసుకున్నారని చెబుతారు. గోడలో దాచినది సగం, నోట్లో నిలిచినది సగం. నడుమ ఆ కూతురు లేకపోతే రెండూ పోయేవి.

మా ఇంట్లో తొంభైకి దగ్గర పడిన మనిషి ఉంది. ఆమె మాట అర్థమయ్యే చిన్నపిల్ల ఉంది. నడుమ గోడ కట్టింది నేను.

ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున అమ్మ దగ్గర కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. "అమ్మా, పాపతో ఏంటికి తమిళం మాట్లాడతావు?" అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది. తల ఎత్తలేదు. "నా తెలుగు తప్పంట కదప్పా. అది మార్కులు పోగొట్టుకునేది ఏంటికి?" అంది. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉండి ఉంటే నాకు సులభంగా ఉండేది. మనవరాలి మార్కులు పోకూడదని తన భాష పక్కన పెట్టేసింది, అంతే.

"తప్పు నాది" అన్నాను. ఒలవడం ఆపి నన్ను చూసింది. "తప్పులేం ఉండాయి. నువ్వు పుస్తకం సదివినోడివి" అంది. ఆ మాట ఇంకా నొప్పించింది.

ఆ తర్వాతే కార్యవర్గానికి పోయి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఊరికే వెనక్కి తీసుకుంటే చాలదు కాబట్టి ఒక ఏర్పాటు కూడా చెప్పినాను. అందరికీ తెలియడం కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అందరికీ ఒకటే. అందులో రాజీ లేదు. పాఠపుస్తకం ఒకటే. అది చదవగలిగితే పిల్లలు రేపు తిరుపతి పోయినా హైదరాబాదు పోయినా చదువుకుంటారు. కానీ ప్రతి పిల్లకూ ఇంకొక నోటుపుస్తకం ఉంటుంది. దాని పేరు 'మా ఇంటి మాట'. వారానికి ఒక పేజీ. ఎడమ పక్క పుస్తకంలో వచ్చిన మాట, కుడి పక్క ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాటను ఎట్లా అంటారో అది. విన్నది విన్నట్టు రాయాల. ఆ నోటుపుస్తకంలో ఎర్ర పెన్ను పెట్టకూడదు. అక్షరం తప్పైతే పెన్సిలుతో సరిచేయవచ్చు, మాట మార్చకూడదు.

సమావేశంలో ఒక తమ్ముడు, విజయవాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి మనకు ఉచితంగా పాఠం చెప్తున్నాయన, న్యాయమైన ప్రశ్న అడిగినారు. "అన్నా, ఉన్నదే రెండు గంటలు. రెండు రకాలు నేర్పితే పిల్లలు ఏదీ సరిగ్గా నేర్చుకోరేమో." ఆయనకు చెప్పిన జవాబు పట్టరై జవాబే. మర ఒకటే ఉండాల, నిజమే. అక్షరం మన మర. కానీ అన్ని మిషన్లకూ ఒకే పొడుగు బోల్టు వేస్తామా? పంపుకు ఒక పొడుగు, మోటరుకు ఒక పొడుగు. మర ఒకటైతే చాలు, బోల్టు పొడుగు మిషను చెప్తుంది. 'ఉండాది' అనే మాటను సరైన అక్షరాలతో రాయగలిగిన పిల్లకు 'ఉంది' రాయడం కష్టమా? ఆయన నవ్వి, ఒక మూడు నెలలు చూద్దాం అన్నారు. చూద్దాం. పిల్లలు తికమక పడితే మళ్ళీ మాట్లాడుకుందాం. నేను ఒకసారి తప్పు పోయినవాణ్ణి, ఇంకొకసారి పోనని చెప్పలేను.

ఈ రాతలోనే చూడండి, 'చెప్పాను' అనకుండా 'చెప్పినాను' అనే రాసినాను. ముప్పై ఏళ్ళుగా రాసేటప్పుడు దిద్దుకునేవాణ్ణి. ఈసారి దిద్దుకోలేదు. మీకు అర్థం కాకుండా పోయిందా?

పాప మొదటి పేజీ తెచ్చింది. 'అక్కడ, ఆడ. కథ, కత. ఎందుకు, ఏంటికి.' కింద ఒక మాటకు ఎడమ పక్క ఖాళీ వదిలేసింది. కుడి పక్క 'సద్ది' అని రాసింది. "పుస్తకంలో ఈ మాట లేదు తాతా, పెద్దవ్వ చెప్పింది" అంది. మార్కులు వేయలేదు. ఈ నోటుపుస్తకానికి మార్కులు లేవు.

మా అమ్మ పూర్తిగా మారిపోయిందని చెప్పను. పాప బడి నుంచి రాగానే ఇంకా తమిళంలోనే పలకరిస్తుంది, అలవాటు పడిపోయింది. కానీ నోటుపుస్తకం తీస్తే తెలుగులోకి వస్తుంది. నిన్న సాయంత్రం పాప ఏదో అడిగితే, "అట్లా కాదే, ఈడ కూసో, చెప్తా" అంది. లోపలి గదిలో నుంచి విన్నాను. బయటికి రాలేదు.

మీకు ఒక మనవి. 'మా ఇంటి మాట' నోటుపుస్తకాలు వచ్చే ఆదివారం తరగతిలో ఇస్తాము. పిల్లలు లేనివాళ్ళు కూడా తీసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ రాత్రే ఒక మాట అడిగి కింద రాయండి. తెలుగు అక్షరం రాకపోతే తమిళ అక్షరాల్లో రాయండి, మేము మార్చి రాసుకుంటాము. 'గుడి'యా 'కుడి'యా అని తెలియకపోతే ఫోను చేసి అడుగుతాము.

సెలవు.